పాటకు అక్షరాభ్యాసము

బడిలో పిల్లవాడు మాట నేర్చును. ఆ మాటకు అక్షరము నేర్చును. లెక్క నేర్చును, ఆ లెక్కకు అంకె నేర్చును. దేశమును గురించి నేర్చును. ఆ దేశమునకు పటమును, పటములోని గుర్తులను నేర్చును. పాటను మాత్రము చెవితో విని, నోటితో పాడి, అంతటితో విడిచిపెట్టుచున్నాడు. పదియేండ్లపాటు ప్రతి ఉదయము ప్రార్థనలో నిలిచి పాడిన బాలిక, ఆ పాటలోని ఒక్క పంక్తి వరుసనైనను కాగితముపై పెట్టలేక బడి విడిచి పోవుచున్నది. ఇది సంగీత విద్వాంసులు చూచుకొనవలసిన సంగతియే కాని సామాన్య పాఠశాలకు సంబంధించినది కాదని కొందరు అనుకొనవచ్చును. కాని ఇది పాఠశాలలోని లోపమే. దానిని సవరించుటకు కావలసిన సామగ్రిలో చాల భాగము తెలుగు ఉపాధ్యాయుని చేతిలోని సుద్దముక్కలోనే ఉన్నది.

ఈ మాటను ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును, దాని నానుకొనియున్న తార్నాకను దృష్టిలో నుంచుకొని చెప్పుచున్నాము. వినిన ధ్వనిని గుర్తుగా మార్చి నిలుపుట ఆ ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. 1918లో ఆరంభమైన ఆ విశ్వవిద్యాలయము ఉర్దూలో ఉన్నతవిద్య గరపుటకు పూనుకొని, శాస్త్రములకు వలయు పారిభాషిక పదములను వేలకొలదిగా నిర్మించుకొన్నది. తరువాత అక్కడనే బిరుదురాజు రామరాజుగారు (1925–2010) జానపదుల నోటి పాటలను సేకరించి, పరిశోధించి ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ అను గ్రంథమును రచించినారు. అక్కడ భాషాశాస్త్ర శాఖను నెలకొల్పిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు (1928–2012) కర్షకులును, చేనేతవారును వాడు మాటలను మాండలిక వృత్తిపదకోశములలో కూర్చినారు. 1958లో ఆంగ్లభాషాబోధనకై అక్కడ ఏర్పడిన కేంద్రసంస్థ, 2007 నుండి విశ్వవిద్యాలయముగా నడచుచున్నది, ఉపాధ్యాయులకు ఉచ్చారణను ధ్వనిసంకేతముల సాయముతో బోధించినది. ఇట్లు పలుకునకు గుర్తు దొరికినది. వృత్తిపదమునకు కోశము దొరికినది. జానపదుని పాటకు మాటలు అచ్చయినవి. పాట వరుసను వ్రాయు విద్య మాత్రము సామాన్యుని చేతికి రాలేదు. బతుకమ్మ దినములలో ఆ ప్రాంగణమున వలయముగా తిరిగి చప్పట్లు చరచు విద్యార్థినులలో పాట మాటలు వ్రాసి ఇయ్యగలవారు పెక్కుమంది కలరు. వరుస వ్రాసి ఇయ్యగలవారు ఎందరు?

వరుస వ్రాసి ఉంచకపోయినచో ఏమగునో తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయములోని ఒక అరలో శతాబ్దముల కాలము ఉండిపోయినవి. ఇరువదవ శతాబ్దమున వెలుగు చూచిన ఆ రేకులలో ఆయన పాటలు సుమారు 14 వేలు లభించినవి. సాహిత్యము ఉన్నది, పాటకు రాగము పేరు ఉన్నది. కాని ఆ రాగములో ఆయన ఏ స్వరమునుండి ఏ స్వరమునకు నడచెనో, ఎచ్చట నిలిచెనో ఆ సంకీర్తనల రేకులు చెప్పవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మొదలగు విద్వాంసులు ఎంతో శ్రమించి వానిలో కొన్నింటికి మరల స్వరములు కూర్చినారు. నేడు మనము తన్మయులమై వినుచున్న అన్నమయ్య పాటలలో పెక్కింటి వరుసలు ఆయనవి కావు. మన కాలపు సంగీతజ్ఞులవి. రాగి చెడలేదు, అక్షరము చెడలేదు. పాడిన తీరు మాత్రము పాడినవారితోనే పోయినది.

అన్నమయ్య పుట్టిన రాయలసీమలోనే దీనికి ఎదురైన ఉదాహరణము మరియొకటి కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చినారు. ఆ కళాశాల అధ్యక్షుడు జేమ్స్ కజిన్సు. ఆయన భార్య మార్గరెట్ కజిన్సు పాశ్చాత్య సంగీతమున పట్టము పొందిన విదుషి. రవీంద్రులు అక్కడ ‘జనగణమన’ను పాడి వినిపింపగా, ఆమె ఆ వరుసను శ్రద్ధతో పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసిపెట్టినారు. ఆ దినములలోనే రవీంద్రులు ఆ గీతమును ఆంగ్లములోనికి మార్చినారు. ఆ గీతము 1950లో జాతీయగీతమైనది. నేడు 52 సెకండ్లలో మన బడిపిల్లలందరు పాడు ఆ పాట వరుస, ఒక తెలుగు ఊరిలో, వినగలిగిన చెవియు వ్రాయగలిగిన చేయియు ఒక్కచోట కలిసినందున కాగితమున కెక్కినది. అట్టి చెవిని, అట్టి చేతిని బడి తయారు చేయలేదా?

మనకు స్వరలిపి లేదని చెప్పుటకు వీలు లేదు. తమిళనాటి కుడుమియాన్‌మలై శాసనములో ఏడవ శతాబ్దము నాడే స్వరములు అక్షరములుగా రాతిపై చెక్కబడినవి. ఆధునిక కాలమున ఈ విద్యకు గొప్ప ఇల్లయినది తెలుగు లిపియే. ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులు (1839–1906) 1904లో ప్రచురించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు అక్షరములలో వెలువడినది. ముత్తుస్వామి దీక్షితుల కృతులెన్నో అందులో స్వరసహితముగా నిలిచినవి. గమకములకు వేరు వేరు చిహ్నములు ఏర్పరచి, స్వరాక్షరముల నెత్తిన అచ్చువేయించినారు. పాశ్చాత్య స్వరలిపిలో ఆరితేరిన చిన్నస్వామి మొదలియారు ఆ వృద్ధుని ఈ పనికి పురికొల్పినవారు. తమిళదేశమున పుట్టిన ఆ మహాగ్రంథమును చదువుటకై సంగీతజ్ఞులు తెలుగు లిపి నేర్చుకొనవలసి వచ్చినది. ఉత్తరదేశమున భాత్‌ఖండే (1860–1936) సులభమైన గుర్తులతో వందలకొలది పాటలను అచ్చువేయించి అందరికిని అందుబాటులోనికి తెచ్చినారు. కావున మనకు లోపించినది లిపి కాదు. ఆ లిపిని పిల్లవాని పలకమీదికి తెచ్చు సంకల్పము.

ఆ పని తలచినంత కష్టము కాదు. తెలుగు ఉపాధ్యాయుడు ఛందస్సు చెప్పునపుడు నల్లబల్లపై చేయుచున్నదేమి? పద్యపాదమును చదివించి, ఒక మాత్ర కాలము పట్టు అక్షరముపై నిలువుగీతను, రెండు మాత్రలు పట్టు అక్షరముపై అర్ధచంద్రాకారపు గుర్తును పెట్టించుచున్నాడు. అది కాలమును కంటికి చూపు లిపియే. సంగీతములోని లయభాగమును తెలుగు పిల్లలు వ్యాకరణము పేరుతో ఇదివరకే నేర్చుకొనుచున్నారన్న మాట. గురజాడ ముత్యాలసరములో మూడు, నాలుగు మాత్రల నడక ఎట్లు సాగునో వివరించు ఉపాధ్యాయుడు, ఆ మూడు నాలుగులకు చప్పట్లు వేయించినచో పిల్లలు తెలియకయే మిశ్రచాపు తాళములో ప్రవేశింతురు. పద్యమును చదువుట ఎరిగినవానికి తాళము పరాయిది కాదు.

ఇచ్చట ఉపాధ్యాయుడు ఒక్క జాగ్రత్త వహింపవలెను. ఛందస్సులోని గుర్తులు తాళములో వేరు అర్థము నిచ్చును. ఛందస్సున నిలువుగీత లఘువు, ఒక మాత్ర. తాళమున నిలువుగీత కూడ లఘువే కాని, చతురశ్రజాతిలో దానికి నాలుగు అక్షరకాలములు. ఛందస్సున అర్ధచంద్రము గురువు, రెండు మాత్రలు. తాళమున అది అనుద్రుతము, ఒక్క అక్షరకాలము. సున్న ఛందస్సున లేదు. తాళమున అది ద్రుతము, రెండు అక్షరకాలములు. ఈ తేడాను మొదటి దినముననే చెప్పినచో గందరగోళము కలుగదు. పైగా గుర్తునకు అర్థము సంఘము ఒప్పుకొనిన నియమమును బట్టి వచ్చునన్న గొప్ప పాఠము కూడ పిల్లలకు అబ్బును. ఒక నిలువుగీత, రెండు సున్నలు వ్రాసినచో ఆదితాళము: నాలుగు, రెండు, రెండు, వెరసి ఎనిమిది. లఘువునకు ఒక దెబ్బయు మూడు వ్రేళ్ల లెక్కయు, ద్రుతమునకు ఒక దెబ్బయు ఒక విసురుడును. ఇంతకంటె కష్టమైన గుణకారములను మూడవ తరగతి పిల్లలు చేయుచున్నారు.

ఇక స్వరమునకు కావలసినవి ఏడు అక్షరములు: స రి గ మ ప ద ని. పై స్థాయికి అక్షరము నెత్తిన చుక్క. క్రింది స్థాయికి అక్షరము క్రింద చుక్క. ఒక్క అక్షరకాలము సాగదీయుటకు కామా, రెండింటికి సెమికోలను. ‘స’ అనిన ఒకటి, ‘సా’ అనిన రెండు. ఇదియు గురులఘువుల సూత్రమే. రెండింతల వేగమునకు స్వరముల నెత్తిన అడ్డగీత. తాళములోని అంగము ముగిసినచోట ఒక నిలువుగీత, ఆవర్తము ముగిసినచోట జంటగీతలు. ‘స రి గ మ | ప ద | ని స ||’ అని వ్రాసి, చివరి ‘స’ నెత్తిన ఒక చుక్క పెట్టినచో ఆదితాళములో ఒక సంపూర్ణమైన పంక్తి యగును. ‘స , రి గ’ అని వ్రాసినచో ‘స’ రెండు కాలములు నిలుచును. పిల్లవానికి తొలి ఏడాది ఇంతకు మించి అక్కరలేదు.

కాని ఈ గుర్తులను మొదటనే బల్లపై పరచి బట్టీ వేయించినచో అంతయు చెడును. బిడ్డ మాట నేర్చిన పిమ్మటనే కదా అక్షరము నేర్చుచున్నది! పాటకును అదియే క్రమము. మొదట వినవలెను, పిమ్మట పాడవలెను, పిమ్మట చేతితో చూపవలెను, కట్టకడపట వ్రాయవలెను. నేలపై సుద్దతో నిచ్చెన గీచి, స్వరము పెరిగినపుడు ఒక మెట్టు ఎక్కుటయు, తగ్గినపుడు దిగుటయు పిల్లలచే చేయింపవచ్చును. మోహనరాగములోని స రి గ ప ద అను ఐదు స్వరములతో ఆరంభించినచో గొంతునకు తేలిక. దగ్గర దగ్గర స్వరముల చిక్కు అందులో లేదు. ఏడు స్వరముల సరళి వరుసలు తరువాత వచ్చును. ‘స’ ఇంత ఎత్తున ఉండవలెనన్న నిర్బంధము మనకు లేదు. తరగతి గొంతునకు అనువైన శ్రుతిని హార్మోనియముపైనో, చేతిఫోనులోని తంబుర నాదముతోనో పట్టుకొనవచ్చును. ఉపాధ్యాయుడు పురుషుడైనచో ఆయన గొంతు పిల్లల గొంతుకంటె ఒక స్థాయి క్రింద పలుకును. చిన్నవారు దానిని అందుకొనబోయి తడబడుదురు. అట్టిచోట చక్కగా పాడు బాలికను ముందు పాడించి తక్కినవారిని అనుసరింపజేయుట మేలు.

ఇతర దేశముల అనుభవము కూడ ఇదియే చెప్పుచున్నది. పదునొకండవ శతాబ్దమున ఇటలీలో గీడో అను సన్న్యాసి గీతలపై స్వరములను నిలిపి, స్వరములకు చిన్న చిన్న పేర్లు పెట్టి, పదేండ్లు పట్టు అభ్యాసము ఏడాది రెండేండ్లలో ముగియునని వ్రాసినాడు. ఇంగ్లండులో సారా గ్లోవరు అను ఉపాధ్యాయిని గీతల జోలికి పోక స్వరనామముల తొలి అక్షరములతోనే పిల్లలకు పాటలు నేర్పినది. జాన్ కర్వెను దానిని పందొమ్మిదవ శతాబ్దపు నడిమి భాగమున దేశమంతట వ్యాపింపజేసినాడు. వారి పద్ధతికిని మన సరిగమలకును మూలసూత్రము ఒక్కటే: స్వరమునకు అక్షరము, కదలగల ఆధారశ్రుతి. హంగరీలో కొడాయి (1882–1967) ప్రేరణతో 1950లో కెచ్‌కెమేట్ అను పట్టణమున సంగీతమునకు పెద్దపీట వేసిన ప్రాథమిక పాఠశాల వెలసినది. అచ్చటను ముందు పల్లెపాట, పిమ్మట చేతిగుర్తు, ఆ పిమ్మట వ్రాత. చూపులేని పిల్లలను గూడ ఈ విద్య త్రోసిపుచ్చదు. తాను స్వయముగ వాద్యకారుడైన లూయీ బ్రెయిలు ఆరు చుక్కలతోనే సంగీతమునకు కూడ లిపి కల్పించినాడు.

దీనికి కొన్ని ఆక్షేపణలు రాకపోవు. గమకమే ప్రాణమైన మన సంగీతము కాగితమున ఇముడునా అని పెద్దలు అడుగుదురు. ఇమడదు. వ్రాసిన పద్యములో చదువరి గొంతు ఇమిడినదా? అయినను పద్యమును వ్రాయుట మానలేదు. స్వరలిపి గురువునకు బదులు కాదు; గురువు చెప్పినదానికి జ్ఞాపిక. బడిలో మనము కోరునది విద్వత్సభ కాదు, అక్షరాస్యత. తెలుగు వ్రాయనేర్చిన ప్రతి బాలుడు కవి కాలేదు; అందువలన వ్రాత నేర్పుట వ్యర్థమని ఎవ్వరును అనలేదు.

చేతిఫోనులో ఏ పాటయైనను వినవచ్చును గదా, ఇక వ్రాత యెందుకని పిల్లలే అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవలెను. ఫోను పాటను దాచును, నిజమే. గ్రామములలోని వృద్ధుల గొంతులను దానిలో నిలుపుకొనుట మంచిదే. కాని వినుట వేరు, విడదీసి తెలిసికొనుట వేరు. ఉపన్యాసమును ముద్రించి వినిపించు యంత్రము వచ్చినందున చదువు అక్కరలేకుండ పోలేదు. వరుసను వ్రాయబూనిన పిల్లవాడు ఒక్క పంక్తిని పదిసార్లు వినును. ఇక్కడ ఎక్కినదా, దిగినదా, ఎంతసేపు నిలిచినదా అని తనను తానే ప్రశ్నించుకొనును. ఆ ప్రశ్నయే విద్య.

పాడరాని ఉపాధ్యాయుడు ఏమి చేయవలెనన్నది నిజమైన చిక్కు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము, ఆరు మొదలు ఎనిమిది తరగతులలో వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య బోధకుడు, పాక్షిక సమయమునకైనను, ఉండవలెనని చెప్పుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము కళలను తక్కిన పాఠములతో కలిపి బోధింపుమనుచున్నది. కాగితముపైనున్న ఈ మాటలు తరగతిగదికి నడచి రావలెనన్నచో శిక్షణ కావలెను. ఇక్కడనే విశ్వవిద్యాలయ ప్రాంగణము ముందుకు రావలసి యున్నది. అక్కడి విద్యాకళాశాలలో ఉపాధ్యాయవృత్తికి సిద్ధమగు యువతీయువకులకు, వారు ఏ విషయము బోధించువారైనను, ఒక మాసము పాటు వారమునకు రెండు గంటలు ఈ చిన్న స్వరలిపిని నేర్పుట అసాధ్యము కాదు. వారు అభ్యాసబోధనకు పోవు బడులలో ఇరువది నిమిషముల పాఠముగా దానిని పరీక్షించి చూడవచ్చును. నగరములోని సంగీత కళాశాలల పట్టభద్రులు వారికి తోడ్పడగలరు.

తార్నాక ఇట్టి ప్రయోగమునకు తగిన చోటు. విశ్వవిద్యాలయము, రైల్వే కాలనీలు, శాస్త్ర పరిశోధన సంస్థలు సమీపముననే ఉండుటచే అచ్చటి తరగతిగదులలో తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళము, బెంగాలీ మాటలాడు ఇండ్ల పిల్లలు ఒకే బల్లపై కూర్చుందురు. సరిగమలు వీరందరి సంగీతములకును ఉమ్మడి. ఇంటిలో తెలుగు మాటలాడుచు బడిలో తెలుగు అక్షరమునకు దూరమగుచున్న పిల్లవానికి, ఈ ఏడు అక్షరములు మరల ఆ లిపిపై ప్రీతి కలిగించిన కలిగింపవచ్చును. ఇతర భాషల పిల్లలు తమ లిపిలో వ్రాసికొన్నను నష్టము లేదు. చుక్కలును గీతలును ఒక్కటే.

ఒక్క హెచ్చరిక. దీనిని దయచేసి పరీక్షావిషయము చేయరాదు. సెమికోలనునకు ఎన్ని అక్షరకాలములని అడిగి మార్కులు వేయు దినముననే ఈ విద్య చచ్చును. దీనికి తగిన పరీక్ష ఒక్కటే: ఇదివరకు వినని రెండు పంక్తులు బల్లపై వ్రాసినచో పిల్లలు తమంతట తాము పాడగలరా? ఇంటిలో వినిన ఒక పాటను వ్రాసి తేగలరా?

ఆ రెండవ పనియే మిక్కిలి ముఖ్యమైనది. 1938లో వందేమాతరము పాడుటకై పట్టుబట్టి, ఉస్మానియా వసతిగృహముల విద్యార్థులు బహిష్కారమునకు గురియైనారు; పాట విలువ ఆ ప్రాంగణమునకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే పాటకు నిషేధముకంటె పెద్ద శత్రువు మరపు. నాటు వేయునపుడు, విసురునపుడు, బిడ్డను జోకొట్టునపుడు పాడిన పాటలు ఆ పనులతోపాటు వెనుకకు పోవుచున్నవి. అవి ఎరిగిన అవ్వలు వృద్ధులైనారు. వారి పాటలలోని మాటలను పండితులు కొంత కాపాడినారు. వరుసలను కాపాడుటకు పండితులు చాలరు. ప్రతి ఇంటను ఒక పిల్లవాడు కావలెను. దసరా సెలవులకు ఊరు పోవు విద్యార్థి తన అవ్వ వద్ద కూర్చుండి, ఆమె పాడిన నాలుగు పంక్తులను ఏడు అక్షరములతోను, కొన్ని చుక్కలతోను తన నోటుపుస్తకములో వ్రాసికొని రాగలిగిన నాడు, ఆ పాట ఇంకొక తరము బ్రదుకును. ఉపాధ్యాయులు ఈ ఏడు అక్షరములకు వారములో ఇరువది నిమిషములు కేటాయింతురుగాక. విద్యార్థులారా, మీ గురువులు ఇంకను మొదలుపెట్టనిచో, వినయముతో మీరే వారిని అడుగుడు.